విత్తనం సంగతి తర్వాత, ముందు కాంటా చూద్దాం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తికి ఎంత ధర పలికిందన్నది ఒక సంగతి, రైతు చేతికి ఎంత ముట్టిందన్నది ఇంకో సంగతి. రెండింటి నడుమ తేమ ఉంటుంది, తరుగు ఉంటుంది, దడ్వాయి చూసే కాంటా ఉంటుంది. తేమ 12 శాతం దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ ఆ పత్తిని ముట్టదు. అందుకే నాలుగు సీజన్లు చూసిన రైతు ధర కంటే ముందు కాంటా వైపు చూస్తాడు.

విశ్వం పుట్టిన కొత్తలోనే ఏర్పడ్డ మహా కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) గురించి ఈ మూడు నాలుగేళ్లుగా వస్తున్న వార్తల్లో నాకు కనపడనిది ఆ చూపే. ఇంత బరువైన బిలం అంత తొందరగా ఎట్లా పెరిగిందని అందరూ అడుగుతున్నారు. ఆ బరువును ఏ కాంటా మీద తూచారు, ఎంత తరుగు తీశారు అని అడిగేవాళ్లు తక్కువ. నా వాదన ఇదీ: ఆదిలో ఈ బిలాలు ఏ విత్తనం నుంచి మొలిచాయన్న ప్రశ్నకు జవాబు కొత్త సిద్ధాంతాల కంటే ముందు తూకంలో ఉంది. ఆ తూకాన్ని సరిచూసే పనిలో గణనీయమైన భాగం హనుమకొండలో ఒక మామూలు లాప్‌టాప్ ముందు కూర్చుని చేయగలిగిందే.

ముందు చిక్కు ఏమిటో అంకెల్లో చూద్దాం. మన పాలపుంత నడిమధ్యన ఉన్న బిలం బరువు 43 లక్షల సూర్యులు. దాని చుట్టూ తిరిగే నక్షత్రాలను ఏళ్ల తరబడి వెంటాడి తూచిన బరువు అది, కాబట్టి నమ్మొచ్చు. ఆ పనికే 2020లో రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ నోబెల్ పంచుకున్నారు. ఇక 2021లో ప్రకటించిన జె0313-1806 అనే క్వేసార్, అంటే నడిమి బిలం మేస్తుంటే మిరుమిట్లు గొలిపే గెలాక్సీ, చూడండి. దాని బిలం బరువు 160 కోట్ల సూర్యులు. మనకు కనపడుతున్న ఆ వెలుగు బయల్దేరేనాటికి విశ్వం వయసు 67 కోట్ల ఏళ్లు మాత్రమే.

బిలం మేత మేసే వేగానికి ఒక హద్దు ఉంది. లోపలికి పడే వాయువు వేడెక్కి వెలుగుతుంది, ఆ వెలుగు వెనక వచ్చే వాయువును బయటికి నెడుతుంది. మేడారం జాతరలో గద్దెల దగ్గర లోపలికి వెళ్లేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఒకే దారిలో ఎదురుపడితే ఏమవుతుందో అదే. ఈ హద్దును ఎడింగ్టన్ పరిమితి అంటారు. పడిన పదార్థంలో పదో వంతు వెలుగుగా పోయి మిగతాది బిలంలో కలుస్తుందనుకుంటే, హద్దు అంచున మేస్తున్న బిలం 3.5 కోట్ల ఏళ్లకు ఒకసారి రెట్టింపవుతుంది. చక్రవడ్డీ లెక్కే. తొలి నక్షత్రాలు పుట్టి చచ్చేసరికి 12 కోట్ల ఏళ్లు పోయాయనుకోండి. జె0313-1806కు మిగిలింది 55 కోట్ల ఏళ్లు, అంటే దాదాపు 16 రెట్టింపులు, సుమారు 60 వేల రెట్లు. 160 కోట్లను దానితో భాగిస్తే అసలు 27 వేల సూర్యులు తేలుతుంది. 100 సూర్యుల బరువున్న నక్షత్ర శేషం నుంచి మొదలుపెట్టి 100 కోట్లకు చేరాలంటే అదే వడ్డీకి 80 కోట్ల ఏళ్లు కావాలి. అంత కాలం అక్కడ లేదు.

చాలా వ్యాసాలు ఇక్కడే ఆగి "అసాధ్యం" అంటాయి. ఆ "పదో వంతు"ను కదిలించి చూడండి. అసలు తిరగని బిలానికి వెలుగుగా పోయేది 5.7 శాతమే. అప్పుడు రెట్టింపు 1.9 కోట్ల ఏళ్లకే జరుగుతుంది, 55 కోట్ల ఏళ్లలో 29 రెట్టింపులు వస్తాయి, 100 సూర్యుల విత్తనం కూడా సరిపోతుంది. కానీ ఒకే దిశలో తిరిగే వాయుచక్రం నుంచి మేస్తూ పోతే బిలం కూడా తిరగడం మొదలుపెడుతుంది, శాతం పెరుగుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. రకరకాల దిశల నుంచి ముద్దముద్దగా మేత అందితేనే తిరుగుడు తక్కువగా ఉండిపోతుంది. అంటే ఆ అసాధ్యం మొత్తం మనకు సరిగా తెలియని ఒక శాతం మీద నిలబడి ఉంది.

విత్తనాల రకాలు త్వరగా చెప్పేస్తాను, వీటి మీద రాసినవి బోలెడున్నాయి. తొలి తరం నక్షత్రాల శేషాలు తేలిక విత్తనాలు, 100 సూర్యుల దరిదాపు. వీటి కష్టం ఆకలి: ఆ నక్షత్రం బతికుండగానే తన వెలుగుతో చుట్టూ ఉన్న వాయువును తరిమేస్తుంది, చచ్చాక మిగిలిన బిలానికి తినడానికేమీ ఉండదు. కిక్కిరిసిన నక్షత్ర గుంపులో ఢీకొట్టుకుంటూ పెరిగినవి మధ్యరకం, వేల సూర్యుల బరువు. ఇక బరువైన విత్తనం నేరుగా కూలిన వాయుమేఘం. లోహాలు (ఖగోళ శాస్త్రంలో హీలియం కంటే బరువైన మూలకాలన్నీ లోహాలే) లేని ఒక మేఘంలో హైడ్రోజన్ అణువులు ఏర్పడకుండా పక్క గెలాక్సీ అతినీలలోహిత కాంతి విడగొడుతూ ఉండాలి. అణువులు ఉంటే మేఘం 200 కెల్విన్ దాకా చల్లబడి చిన్న ముక్కలుగా విరిగి నక్షత్రాలవుతుంది. అణువులు లేకపోతే 8,000 కెల్విన్ దగ్గరే ఆగి, ముక్కలవకుండా ఏడాదికి పదో వంతు సూర్యుడి నుంచి ఒక సూర్యుడి దాకా నడుమకు జారుతుంది. అట్లా లక్ష సూర్యుల నక్షత్రం ఒకటి పోగుపడి, తన బరువుకు తానే కూలి బిలమవుతుంది. ఆ పక్క గెలాక్సీ ఉండాల్సిన దూరమే చిక్కు: కాంతి అందేంత దగ్గరగా ఉండాలి, అక్కడ పేలే నక్షత్రాల లోహాలు ఇక్కడికి చేరనంత దూరంగానూ ఉండాలి.

వీటిలో ఏది నిజం అని పెద్ద క్వేసార్లను అడిగి లాభం లేదు. కృష్ణబిలానికి బరువు, తిరుగుడు, విద్యుదావేశం తప్ప ఇంకో గుర్తు ఉండదు. 160 కోట్లకు ఎదిగాక అది 100 దగ్గర మొదలైందా, లక్ష దగ్గరా అన్నది దాని మీద ఎక్కడా రాసి ఉండదు. విత్తనం అసలుదో నకిలీదో తెలుసుకోవాలంటే మొలక దశలోనే చేను చూడాలని నర్సంపేట రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆదివిశ్వంలో కూడా మొలకలనే చూడాలి, అంటే లక్ష నుంచి కోటి సూర్యుల మధ్య ఉన్న చిన్న బిలాలను.

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 2022 నుంచి చూపిస్తున్నది సరిగ్గా వీటినే. వీటిలో ఒక గుంపుకు "చిన్న ఎర్ర చుక్కలు" అని పేరు పడింది. చుక్కంత ఇరుకుగా, ఎర్రగా ఉంటాయి. వెలుగును రంగులుగా విడదీసిన వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు వెడల్పుగా ఉంటాయి. ఎక్స్-రేలలో మాత్రం దాదాపు కనపడవు. గీత వెడల్పుగా ఉందంటే వాయువు వేగంగా తిరుగుతోందని, వేగంగా తిరుగుతోందంటే నడుమ బరువుందని అర్థం చేసుకుంటారు. కాంటా ఇక్కడే వస్తుంది.

ఈ కాంటా ఎట్లా పనిచేస్తుందో విప్పి చూద్దాం. బరువు తెలియాలంటే తిరిగే వేగం, తిరిగే దూరం రెండూ కావాలి. వేగం గీత వెడల్పు నుంచి వస్తుంది. దూరాన్ని నేరుగా కొలవలేం. దగ్గరి గెలాక్సీలలో నడుమనున్న వెలుగు మినుకుమన్నాక ఎన్ని రోజులకు గీత మినుకుమంటుందో చూసి, బావిలో అరిచి లోతు అంచనా కట్టినట్టు, దూరం కట్టారు. వెలుగు ఎక్కువైన కొద్దీ ఆ దూరం పెరుగుతుందని తేలింది. కాబట్టి దూరానికి బదులు వెలుగును పెట్టేశారు. 2013లో ఎమీ రైన్స్ బృందం ఇచ్చిన సూత్రాన్ని మాటల్లో చెబితే: హైడ్రోజన్ ఆల్ఫా (హైడ్రోజన్ వదిలే ఎర్ర గీత) వెడల్పు గీత వెలుగును సెకనుకు 10⁴² ఎర్గులతో భాగించి 0.47 ఘాతానికి ఎత్తండి, గీత వెడల్పును సెకనుకు 1,000 కిలోమీటర్లతో భాగించి 2.06 ఘాతానికి ఎత్తండి, రెంటినీ గుణించి 40 లక్షలతో హెచ్చించండి. వచ్చింది సూర్యుల లెక్కలో బరువు.

వెలుగు 10⁴³, వెడల్పు 2,000 అనుకోండి. 40 లక్షలు × 2.95 × 4.17, అంటే దాదాపు 4.9 కోట్ల సూర్యులు. అదే వెలుగుతో వెడల్పు నిజానికి 600 అయితే 41 లక్షలు. పన్నెండు రెట్లు తేడా! వెలుగులో పది రెట్లు పొరపాటు పడ్డా బరువు మూడు రెట్లే మారుతుంది, వెడల్పులో మూడు రెట్ల పొరపాటు మాత్రం దాదాపు పది రెట్లు కొడుతుంది. కాబట్టి జాగ్రత్త అంతా వెడల్పు దగ్గరే పడాలి.

చేసే విధానం ఇదీ. కోపెన్‌హాగెన్‌లోని కాస్మిక్ డాన్ సెంటర్ నడిపే ఆర్కైవ్‌లో వెబ్ వర్ణపటాలు శుద్ధి చేసి పెట్టి ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు. ప్రిజం వర్ణపటాలను ఈ పనికి వాడకండి. వాటి విభేదన శక్తి (దగ్గరి రంగులను విడదీసే సత్తా) 30 నుంచి 300 లోపే, సెకనుకు 1,000 కిలోమీటర్ల కంటే సన్నని గీతలన్నీ వాటిలో ఒకేలా ఉబ్బి కనపడతాయి. జీ395ఎం గ్రేటింగ్ వర్ణపటం తీసుకోండి. రెడ్‌షిఫ్ట్ (విశ్వం సాగడంతో వెలుగు ఎరుపు వైపు జరిగిన కొలత) 3.5 నుంచి 6.7 దాకా ఉన్న వస్తువుల హైడ్రోజన్ ఆల్ఫా గీత అందులో పడుతుంది.

ఫైల్‌లో తరంగదైర్ఘ్యం మైక్రాన్లలో, వెలుగు మైక్రోజాన్‌స్కీలలో ఉంటుంది. ఇది పౌనఃపున్యం ప్రకారం కొలిచిన వెలుగు. తరంగదైర్ఘ్యం మీద కూడబెట్టే ముందు కాంతి వేగంతో గుణించి తరంగదైర్ఘ్యం వర్గంతో భాగించి మార్చాలి. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఈ మెట్టు మీదే. రెండో జారుడు: గీతను విశ్రాంతి తరంగదైర్ఘ్యానికి (బయల్దేరినప్పటి కొలతకు) జరిపి, వెలుగును మాత్రం సవరించకుండా వదిలేయడం. రెడ్‌షిఫ్ట్ 5 దగ్గర దానితో వెలుగు ఆరో వంతుకు పడిపోతుంది, బరువు సగానికంటే తగ్గుతుంది. ఇంకొకటి, వెబ్ ఇచ్చేవి శూన్యంలోని తరంగదైర్ఘ్యాలు. పాత పుస్తకంలోని 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌లు గాలిలో కొలిచినది, 6564.6 వాడకపోతే గీత నడిమి సెకనుకు 80 కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది.

తర్వాత గీతకు ఆకారం అమర్చడం. సన్నని హైడ్రోజన్ గీత ఒకటి, దానికి అటూ ఇటూ 1:3 నిష్పత్తిలో రెండు నైట్రోజన్ గీతలు, వీటన్నిటి కింద ఒక వెడల్పు గీత, అడుగున నేపథ్య కాంతికి ఒక వాలు గీత. నైట్రోజన్ గీతల్లో పెద్దది హైడ్రోజన్ నుంచి సెకనుకు దాదాపు 940 కిలోమీటర్ల వేగం దూరంలోనే ఉంటుంది, దాన్ని వదిలేస్తే అదే వెడల్పు గీత వేషం వేస్తుంది. వెడల్పు గీత లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి అమర్చి, బీఐసీ అంకె (అదనపు గీత నిజంగా అవసరమా అని చెప్పే కొలత) కనీసం 10 తగ్గితేనే ఉందని ఒప్పుకోండి. ఫైల్‌లో ఇచ్చిన దోషపు అంకెలను గుడ్డిగా నమ్మొద్దు. గీతలు లేని చోట వెలుగు ఎంత చెదిరిందో చూసి వాటిని సరిచేసుకోవాలి, లేకుంటే లేని గీతలు కూడా గట్టిగా కనపడతాయి.

ఇక అసలు పరీక్ష. వెడల్పు బిలం వల్లనేనా, గెలాక్సీ నుంచి ఎగదన్నే వాయువు వల్లా? రెడ్‌షిఫ్ట్ 4.8 దాటిన వస్తువులకైతే అదే వర్ణపటంలో 5008 ఆంగ్‌స్ట్రామ్‌ల ఆక్సిజన్ గీత చూడండి. బిలం పక్కన వాయువు చాలా చిక్కగా ఉంటుంది, ఆ చిక్కదనంలో పరమాణువులు పదేపదే గుద్దుకుని ఆ ఆక్సిజన్ గీత పుట్టదు. హైడ్రోజన్ వెడల్పుగా ఉండి ఆక్సిజన్ సన్నగా ఉంటే బిలం అనుకోవచ్చు. రెండూ వెడల్పుగా ఉంటే అది గాలివాన, తూకానికి పనికిరాదు.

ఇంత చేసినా మిగిలే తేమ ఒకటుంది, ఈ రంగమంతా ఇప్పుడు తన్నుకుంటున్నది దాని గురించే. చిన్న ఎర్ర చుక్కల చుట్టూ చిక్కటి అయనీకృత వాయువు గూడు కట్టినట్టుంది. గీత వెలుగు ఆ గూట్లోంచి బయటికొచ్చేలోపు ఎలక్ట్రాన్లకు తగిలి తగిలి చెదురుతుంది. ప్రతి తాకుడుకూ గీత కొంచెం పరుచుకుంటుంది. అప్పుడు మనం కొలిచే వెడల్పులో ఎక్కువ భాగం ఎలక్ట్రాన్లది, బిలం చుట్టూ తిరిగే వేగానిది కాదు. 2025లో వాదిమ్ రుసాకోవ్, డారక్ వాట్సన్‌ల బృందం గీతల అంచులు గంట ఆకారంలో కాక ఘాతీయంగా, గుడారం గుడ్డ వాలినట్టు, పడిపోతున్నాయని చూపించింది. చెదరడం వల్ల వచ్చే ఆకారం అదే. దాన్ని తీసేస్తే బరువులు దాదాపు వంద రెట్లు తగ్గి లక్ష నుంచి కోటి సూర్యుల మధ్యకు వస్తాయని వారి లెక్క.

వంద రెట్లు! అంత తరుగు తీశాక విత్తనం గొడవే మారిపోతుంది. కొన్ని చోట్ల "గెలాక్సీ కంటే బిలం బరువు" అని తేలుతున్న వింత కూడా చాలామట్టుకు కరుగుతుంది.

అయితే అన్నిటికీ ఒకే తరుగు తీయడం కూడా అన్యాయమే. ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు వెనక రెడ్‌షిఫ్ట్ 7.04 దగ్గర క్యూఎస్ఓ1 అనే ఎర్ర చుక్క ఉంది. ముందున్న గుంపు భూతద్దంలా పనిచేసి దాన్ని సాగదీసి చూపడంతో, 2025లో దాని చుట్టూ వాయువు తిరిగే తీరును చోటుచోటుకూ కొలిచారు. దూరం పెరిగే కొద్దీ వేగం తగ్గిన పద్ధతి నడుమ ఒకే బిందువులో బరువున్నట్టు చెప్పింది. వచ్చిన బరువు దాదాపు 5 కోట్ల సూర్యులు, గీత వెడల్పుతో కట్టిన పాత అంచనాకు దగ్గరే. ఇంకో పక్క, 2024లో చిలీలోని గ్రావిటీ పరికరం రెడ్‌షిఫ్ట్ 2.3 దగ్గర ఒక క్వేసార్‌ను నేరుగా తూచి 32 కోట్ల సూర్యులని చెప్పింది. ఆ గెలాక్సీ పరిమాణానికి ఉండాల్సిన దాని కంటే అది తక్కువ, పైగా అది ఎడింగ్టన్ హద్దు దాటి మేస్తోంది. కాంటా ఒక చోట సరిగ్గా తూగుతోంది, ఇంకో చోట తూగడం లేదు. ఎప్పుడు తూగుతుందో తెలుసుకోవడమే ఇప్పుడు చేయాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బరువైన విత్తనానికి తిరుగులేని సాక్ష్యంగా చెప్పే యూహెచ్‌జెడ్1ను కూడా ఇదే ప్రశ్న అడగాలి. అదీ ఏబెల్ 2744 వెనకే, విశ్వం పుట్టిన 47 కోట్ల ఏళ్ల నాటిది. చంద్ర ఎక్స్-రే టెలిస్కోప్ దాన్ని పట్టింది, 2023 నవంబరులో ప్రకటించారు. బరువు కోటి నుంచి 10 కోట్ల సూర్యులు, దాని గెలాక్సీలోని నక్షత్రాలన్నిటికీ దాదాపు సమానం. నేరుగా కూలిన మేఘాల నుంచి ఇలాంటివి పుడతాయని కోయంబత్తూరులో పుట్టిన ప్రియంవద నటరాజన్, సహచరులు ముందే చెప్పి ఉన్నారు. అది గొప్ప జోస్యం, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ బరువు ఎక్స్-రే వెలుగు నుంచి, బిలం సరిగ్గా ఎడింగ్టన్ హద్దు దగ్గర మేస్తోందని అనుకుని కట్టింది. హద్దుకు పది రెట్లు మేస్తుంటే బరువు పదో వంతే. ఎంత వేగంగా పెరిగిందన్న ప్రశ్నకు జవాబును కాంటాలోనే పెట్టేసి తూచామన్నమాట.

ఇంకో తరుగు మార్కెట్‌కు రాని సరుకుది. మనకు కనపడేవి వెలుగుతున్నవే. ఒకే బరువున్న గెలాక్సీల్లో పెద్ద బిలం ఉన్నదే మెరిసి జాబితాలో చేరుతుంది, చిన్న బిలం ఉన్నది చీకట్లోనే ఉండిపోతుంది. దగ్గరి గెలాక్సీలలో నక్షత్రాల బరువులో వెయ్యో వంతు ఉండే బిలం, ఆదివిశ్వంలో వందో వంతు, పదో వంతు ఉందని చెప్పే పట్టికలను ఈ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి.

కాబట్టి కాకతీయ యూనివర్సిటీలోనో ఎన్‌ఐటీలోనో ఎమ్మెస్సీ ప్రాజెక్టు వెతుక్కునేవాళ్లకు నా సూచన: ఇరవై వస్తువుల జీ395ఎం వర్ణపటాలు తీసుకుని, ప్రతిదాన్నీ గంట ఆకారంతో ఒకసారి, ఘాతీయ అంచులతో ఒకసారి అమర్చండి. పట్టికలో రెండు బరువులూ పక్కపక్కన రాయండి, ఒకదాన్ని చెరిపేయకండి. దుమ్ము సవరణ (దారిలో దుమ్ము మింగిన వెలుగును తిరిగి కలపడం) చేసినదీ చేయనిదీ వేరు వేరు గళ్లలో పెట్టండి. హైడ్రోజన్ ఆల్ఫా, బీటా గీతల నిష్పత్తి మామూలుగా 2.86, ఎర్ర చుక్కల్లో కొన్నిట్లో 10 దాటుతుంది, దాన్నంతా దుమ్ము అనుకుంటే వెలుగు ఊరికే ఉబ్బిపోతుంది, ఎందుకంటే చిక్కటి వాయువు కూడా ఆ నిష్పత్తిని పెంచగలదు. 8 జీబీ మెమరీ, పైథాన్, ఆస్ట్రోపై చాలు. ఒక సెమిస్టరులో అయ్యే పని.

వెలుగుతో సంబంధం లేని కాంటాలు కూడా వస్తున్నాయి. బాసర దాటి నాందేడ్ మీదుగా వెళ్తే హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో-ఇండియా రాబోతోంది, కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లతో ఆమోదించింది. రెండు బిలాలు కలిసేటప్పుడు పుట్టే గురుత్వ తరంగం బరువును నేరుగా చెబుతుంది, గీతలూ దుమ్మూ అడ్డు రావు. అయితే నేల మీది లైగోకు వినపడేది తేలిక విత్తనాల కొసే, వంద రెండు వందల సూర్యుల వరకు. లక్షల సూర్యుల బిలాల కలయిక మిల్లీహెర్ట్జ్‌లలో మూలుగుతుంది, ఆ స్థాయిలో భూమి కంపనాలే దాన్ని ముంచేస్తాయి. దానికి ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో ఖాయం చేసిన లీసా కావాలి. ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరంలో మూడు ఉపగ్రహాలు, ప్రయోగం 2035 ప్రాంతంలో.

అప్పటిదాకా ఎదగకుండా ఆగిపోయిన విత్తనాలు మన పక్కనే ఏవైనా మిగిలాయేమో వెతకడం ఇంకో దారి. ఒమేగా సెంటారీ నక్షత్ర గుంపు అలాంటిదే. ఎప్పుడో పాలపుంత మింగేసిన ఒక చిన్న గెలాక్సీ నడిమి భాగం అది కావచ్చు. హబుల్ ఇరవై ఏళ్ల పాటు తీసిన ఫొటోల్లో దాని నడుమ ఏడు నక్షత్రాలు గుంపు విడిచి పారిపోవాల్సినంత వేగంగా కదులుతూ, పారిపోకుండా అక్కడే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచాలంటే కనీసం 8,200 సూర్యుల బిలం కావాలని 2024లో లెక్కగట్టారు. మే నెల మధ్యలో రాత్రి పదింటికి పాకాల వైపు చీకటి ఉన్న చోట నిలబడి నేరుగా దక్షిణానికి చూడండి. నేల నుంచి 24 డిగ్రీల ఎత్తులో మసక నక్షత్రంలా ఉంటుంది, బైనాక్యులర్స్‌లో గుండ్రటి మబ్బు తునకలా కనపడుతుంది.